వంతెన మీద అడ్డగాలి: స్టీరింగ్ పట్టిన చేతికి కొన్ని పాఠాలు

రావులపాలెంలో బండి పెట్టుకుని విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, హైదరాబాదు కిరాయిలు తోలి సంసారం ఈడ్చినవాణ్ణి. అంబాసిడర్‌తో మొదలుపెట్టాను. తర్వాత మారుతి వ్యాను, క్వాలిస్, ఇన్నోవా నా చేతుల మీదుగా నడిచాయి. ఇప్పుడు మా ఇళ్ళలో కుర్రాళ్ళు కొత్త కార్లు కొంటున్నారు. షోరూములో ‘వేరియబుల్ రేషియో స్టీరింగ్ అండి’ అని చెప్పి పంపిస్తున్నారు. వీళ్ళు హైవే ఎక్కి వందలో పోతుంటే జొన్నాడ వంతెన మీద బండి పక్కకి జరుగుతుంది. వెంటనే, ‘పెదనాన్నా, ఆ కొత్త రకం స్టీరింగ్‌లోనే ఏదో తేడా ఉందంటావా?’ అని ఫోన్లు చేస్తుంటారు. స్టీరింగ్‌లో తేడా ఏమీ లేదు. కానీ ఆ స్టీరింగ్ స్వభావం ఏమిటో, మన గాలి స్వభావం ఏమిటో తెలియకుండా వందలో పోవడం మంచిది కాదు. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి ఇక్కడ రాస్తున్నాను.

1. గాలి ఎటునుంచి వస్తుందో బండి ఎక్కకముందే తెలియాలి

పాత అయిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారో నంబరు. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, కడియపులంక మీదుగా రాజమండ్రికి ఈశాన్యంగా సాగుతుంది. అంటే రాజమండ్రి వైపు పోయేటప్పుడు సముద్రం మీ కుడిచేతి వైపు, ఏలూరు వైపు వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు. ఎండాకాలం మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది. అది ఈ రోడ్డుకి నేరుగా అడ్డం పడుతుంది. మేలో పొద్దెక్కాక కొట్టే పడమటి వడగాలి, వానాకాలపు పడమటి గాలి మాత్రం రాజమండ్రి వైపు పోయేవాడికి ఎడమ భుజం వెనక నుంచి వస్తాయి.

వంతెనల సంగతి వేరే చెప్పాలి. వంతెన నదికి అడ్డంగా ఉంటుంది, గాలి నది వెంట పరిగెడుతుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి రెండూ సముద్రం వైపు దిగే పాయలే. సాయంత్రం సముద్రం గాలి ఆ పాయ వెంట ఎదురెక్కి వస్తుంది. దారిలో దానికి చెట్టూ ఇల్లూ ఏదీ అడ్డుండదు. రాజమండ్రి దగ్గర 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనైనా, 2015లో తెరిచిన, జనం గామన్ బ్రిడ్జి అనే నాలుగో వంతెనైనా ఇదే కథ. రోడ్డు కం రైలు వంతెన మీద కారు పోయేది రైలు పట్టాలకి పై అంతస్తులో. ఎంత ఎత్తుకి పోతే గాలి అంత ఎక్కువ.

కొబ్బరి మట్టలు ఎటు వాలాయి, వరిచేలో అల ఎటు నడుస్తోంది, ముందు పోయే మోటారు సైకిలు మనిషి ఎటు ఒరిగి కూర్చున్నాడు, ఇవి చూస్తూ పోవాలి. తోటల నీడ దాటి చేలగట్లు మొదలయ్యే చోటు, చేలు దాటి వంతెన మొదలయ్యే చోటు, ఈ రెండు చోట్లే మొదటి దెబ్బ తగిలేది. తణుకు దాటాక తాడేపల్లిగూడెం వైపు చేలు విచ్చుకున్నచోట ఇది బాగా తెలుస్తుంది.

2. గాలి బండిని తోయడం ఒక్కటే చెయ్యదు, మూతి తిప్పుతుంది

ఇది అర్థమైతే సగం భయం పోతుంది. పక్క నుంచి వచ్చే గాలి బండి మొత్తం మీద ఒకేలా పనిచెయ్యదు. దాని బలమంతా కూడే చోటు మామూలు కార్లలో బండి బరువు కూడే చోటు కంటే ముందుకి ఉంటుంది. అందుకే గాలి కుడి నుంచి కొడితే బండి ఎడమకి జరగడమే కాదు, మూతి కూడా ఎడమకి తిరుగుతుంది. మూతి తిరిగిన బండి ఆ తిరిగిన దిక్కుకే పోతుంది. గాలి జరిపిన జానెడు కన్నా, తిరిగిన మూతి పట్టుకుపోయే గజం ప్రమాదం.

మారుతి వ్యాను నడిపినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. పెట్టెలా ఎత్తుగా ఉంటుంది, బరువు తక్కువ, చక్రాలు చిన్నవి. సిద్ధాంతం వంతెన మీద దాని స్టీరింగ్ పట్టుకుంటే గాలి వేళ్ళకి తెలిసేది. అంబాసిడర్ బరువైన బండి, అంత తొందరగా కదిలేది కాదు. అయితే కదిలాక దాన్ని దారికి తేవడానికీ అంతే సమయం పట్టేది.

3. వేరియబుల్ రేషియో అంటే ఏమిటో తెలుసుకుని నడపండి

స్టీరింగ్‌ని పదహారు డిగ్రీలు తిప్పితే ముందు చక్రం ఒక డిగ్రీ తిరిగిందనుకోండి. రేషియో పదహారుకి ఒకటి. మామూలు కార్లలో ఇది పద్నాలుగు, ఇరవై మధ్య ఉంటుంది. పాత బండ్లలో ఎంత తిప్పినా దాదాపు ఒకటే లెక్క. అంబాసిడర్‌లో కూడా ర్యాక్ (పళ్ళ కడ్డీ), పినియనే (దాన్ని జరిపే పళ్ళచక్రం). ర్యాక్ మీద పళ్ళన్నీ సమానం.

వేరియబుల్ రేషియోలో ర్యాక్ మీద పళ్ళు అన్ని చోట్లా ఒక్కలా కోసి ఉండవు. మధ్యలో ఒక తీరు, చివరలకి పోయేకొద్దీ మరో తీరు. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు, అంటే తిన్నగా పోతున్నప్పుడు, చెయ్యి కొంచెం కదిలినా చక్రం చాలా తక్కువ తిరుగుతుంది. బాగా తిప్పినప్పుడు అదే చెయ్యికి చక్రం ఎక్కువ తిరుగుతుంది. రాజమండ్రి దేవీచౌక్‌లో బండి మళ్ళించడానికి చేతులు మార్చి మార్చి తిప్పే పని తగ్గుతుంది, హైవే మీద బండి కుదురుగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఇంజనీరు ఆర్థర్ బిషప్ ఈ రకం స్టీరింగ్ మీద ఏళ్ళ తరబడి పనిచేసి పేరు తెచ్చుకున్నారు. ఎందరో కార్ల కంపెనీలవాళ్ళు ఆ దారిలో నడిచారు. పవర్ స్టీరింగ్ లేని కొన్ని బండ్లలో దీనికి తిరగేసి, చివరలకి పోయేకొద్దీ నిదానంగా తిరిగేలా కోసేవారు. బండి నిలబెట్టి తిప్పేటప్పుడు చేతికి బరువు తగ్గాలని.

ఇంకో జాతి ఉంది. అందులో పళ్ళు కాదు మారేది, మోటారు లెక్క మారుస్తుంది, అదీ బండి వేగాన్ని బట్టి. హోండా 2000లో ఎస్2000 కారులోను, బి.ఎం.డబ్ల్యు. 2003లో అయిదో సిరీస్‌లోను ఇలాంటివి తెచ్చాయి. నిదానంగా పోయేటప్పుడు చురుగ్గా, వేగంలో మందంగా తిరుగుతుంది. మీ కారుది ఏ జాతో కొన్నచోట అడిగి రాసుకోండి. రెండిటికీ పేరు దగ్గర దగ్గరగా ఉంటుంది, చేతికి తెలిసే తీరు మాత్రం ఒకటి కాదు.

ఇప్పుడు అడ్డగాలిలో దీని సంగతి. గాలి కొట్టినప్పుడు బండి ఒరుగుతుంది. బండితోపాటు మీరూ సీట్లో ఒరుగుతారు. మీ ఒళ్ళు ఒరిగితే చేతులూ ఒరుగుతాయి, మీకు తెలియకుండానే స్టీరింగ్ కదులుతుంది. మధ్యలో చురుకైన స్టీరింగ్ అయితే ఆ కదలికంతా చక్రానికి పోతుంది, బండి బెదురుతుంది. మధ్యలో మందంగా ఉండే వేరియబుల్ స్టీరింగ్ ఆ తెలియని కదలికని చాలావరకు మింగేస్తుంది. అందుకే గాలిలో ఈ రకం స్టీరింగే నాకు నచ్చుతుంది. కొత్తదని భయపడేవాళ్ళకి నేను ధైర్యం చెప్పేది ఈ గుణం చూసే.

దీనిలోనే ఒక చిక్కూ ఉంది. గాలి కొట్టగానే మీరు కొంచెం తిప్పుతారు. మధ్యలో మందం కాబట్టి బండి వెంటనే పలికినట్టు అనిపించదు. చాల్లేదనుకుని ఇంకొంచెం, కంగారులో ఇంకా గట్టిగా తిప్పుతారు. అలా కట్ కొడితే చెయ్యి మందంగా ఉన్న భాగం దాటి చురుకైన భాగంలోకి పోతుంది. అక్కడ అదే తిప్పుడికి చక్రం ఎక్కువ తిరుగుతుంది. వందలో అది లారీ కిందకో డివైడరు మీదకో దారి తీస్తుంది. మధ్యభాగం దాటి తిప్పాల్సిన అవసరం అడ్డగాలిలో రాదు. అది తెలిసినవాడి చెయ్యి అక్కడే ఆగుతుంది.

4. బరువు వేరు, రేషియో వేరు

వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ బిగుసుకుంటోంది, అదే వేరియబుల్ రేషియో కదా అంటారు చాలామంది. కాదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ వేగంలో తన సాయం తగ్గించుకుంటుంది, అందుకే చేతికి బరువు తెలుస్తుంది. బరువైన స్టీరింగ్ చురుకైనదీ కావచ్చు, తేలికైనది మందమైనదీ కావచ్చు. తేలిగ్గా తిరుగుతోంది కదా అని గాలిలో ఒంటి చేత్తో పట్టుకునేవాళ్ళని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

5. పట్టు వదులుగా, రెండు చేతులూ స్టీరింగ్ మీద

గట్టిగా బిగించి పట్టుకుంటే బండి వశంలో ఉంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. బిగించిన చేతికి గాలి తగ్గడం తెలియదు. ముందు చక్రాలకి తమంతట తాము నిటారుకి వచ్చే గుణం ఉంటుంది. చక్రాల కోణాలు ఆ లెక్కతోనే పెడతారు. మీరు బిగబడితే ఆ గుణానికి పని లేకుండా పోతుంది.

నూరు వేగంలో మామూలు పైరగాలికి స్టీరింగ్‌తో చేయాల్సిన దిద్దుబాటు ఎంతో చెప్తాను. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో ఆరు డిగ్రీలు జరుగుతుంది. స్టీరింగ్ అంచు ఆ మాత్రం జరిగితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. దాన్ని తిప్పడం అనకూడదు, గాలి వచ్చే వైపుకి చెయ్యి ఆనించడం అనాలి. ఆనించి ఒక క్షణం ఆగండి. బండి పలుకుతుంది.

ఆనించిన చెయ్యిని గాలి తగ్గగానే తియ్యడం అన్నిటికన్నా కష్టమైన పని. గాలికి ఎదురు ఆనించి ఉంచారు, హఠాత్తుగా గాలి ఆగింది, ఇప్పుడు బండిని పక్కకి లాగేది మీ చెయ్యే. వంతెన దిగి కొబ్బరితోటల మధ్యకి రాగానే బండి గాలి వచ్చిన వైపుకే ఒక్క ఊపు ఊగడం చాలామంది చూసే ఉంటారు. కారణం ఇదే. చూపు కూడా దగ్గర్లో పెట్టకూడదు. వంతెన అవతలి చివర చూస్తూ పోతే చెయ్యి దానంతటదే తక్కువ కదులుతుంది. బానెట్ ముందు తెల్ల గీత చూస్తూ పోతే క్షణానికోసారి దిద్దుతూ ఉంటారు.

6. లారీ పక్కన

ఏలూరు వైపు పోతున్నారు, గాలి ఎడమ నుంచి. ఎడమ వరసలో వరిగడ్డి ట్రాక్టరో, చెరకు లారీయో, అంబాజీపేట కొబ్బరికాయల లోడో ఉంది. దాన్ని దాటడానికి కుడి వరసలోకి వచ్చారు. దాని పక్కకి రాగానే గాలి ఆగిపోతుంది. గాలికి ఎదురుగా ఆనించిన మీ చెయ్యి అలాగే ఉంటే బండి లారీ వైపు లాగుతుంది. సరిగ్గా దాని క్యాబిన్ దాటగానే ఆగిన గాలీ, లారీ మూతి చీల్చి పక్కకి నెట్టే గాలీ రెండూ కలిసి డివైడరు వైపు కొడతాయి. లారీ పక్కకి రాగానే చెయ్యి వదులు చెయ్యాలి, క్యాబిన్ దాటేముందు మళ్ళీ ఆనించడానికి సిద్ధంగా ఉండాలి.

రాజమండ్రి వైపు పోయేటప్పుడు లెక్క తిరగబడుతుంది. గాలి కుడి నుంచి, లారీ ఎడమన. నీడ దొరకదు, గాలి మిమ్మల్ని లారీ మీదకే తోస్తూ ఉంటుంది. అక్కడ మామూలుకన్నా ఒక మూర దూరం ఎక్కువ ఇచ్చి దాటండి. వంతెన మీద అయితే దాటనే దాటకండి. వంతెన ఎంత పొడుగని? దిగాక దాటొచ్చు.

7. మోటారు సైకిలు మనిషిని తల్చుకోండి

ఈ పాఠం నేను ఎక్కడా రాసి ఉండగా చూడలేదు, కానీ మన రోడ్ల మీద ప్రాణాలు నిలిపేది ఇదే. సాయంత్రం గౌతమి వంతెన మీద రాజమండ్రి వైపు మోటారు సైకిలు మీద ఒకాయన పోతున్నాడు. వెనక ఇల్లాలు ఒక పక్కకి కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ. గాలి కుడి నుంచి కొడుతుంటే ఆయన కుడికి ఒరిగి నడుపుతున్నాడు. మీరు కుడి నుంచి ఆయన్ని దాటుతూ గాలికీ ఆయనకీ మధ్యలోకి వచ్చారు. గాలి ఒక్కసారి ఆగింది. ఒరిగిన మనిషి ఆ ఒరిగిన వైపే, అంటే మీ కారు వైపే పడతాడు. మీరు దాటిపోగానే గాలి మళ్ళీ కొట్టి ఆయన్ని రెయిలింగు వైపు తోస్తుంది.

మీరు ఆయన్ని ముట్టుకోలేదు, హారన్ కూడా కొట్టలేదు. అయినా పడేది ఆయన. గాలి ఉన్న రోజున మోటారు సైకిలుకి నిండా ఒక వరస దూరం ఇవ్వాలి. వరస ఖాళీ లేకపోతే ఆయన వెనకే నిదానంగా పోవాలి. మొక్కలు నింపుకున్న కడియం నర్సరీల ఆటోలూ ట్రాలీలూ కూడా ఇంతే. మొక్కల ఆకులే వాటికి తెరచాప.

8. వేగం తగ్గిస్తే ఎంత తగ్గుతుంది

నలభై వేగంతో గాలి నేరుగా పక్కనుంచి వస్తోంది, మీరు వందలో పోతున్నారు. అప్పుడు బండికి తగిలే గాలి ఇరవై రెండు డిగ్రీల కోణంలో ముందు నుంచి వచ్చినట్టు ఉంటుంది. పక్కకి తోసే బలం దాదాపుగా మీ వేగాన్ని గాలి వేగంతో హెచ్చవేసిన లెక్కలో పెరుగుతుంది. గాలిని మీరు తగ్గించలేరు, మీ వేగం మీ కాలి కింద ఉంది. వంద నుంచి ఎనభైకి దిగితే పక్కతోపు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. వందలో క్షణానికి ఇరవై ఎనిమిది మీటర్లు పోతారు, ఎనభైలో ఇరవై రెండు. ఆ ఆరు మీటర్లే దిద్దుకోవడానికి మీకు చిక్కిన చోటు.

ఈ రహదారి మీద కార్లకి నూరు దాకా అనుమతి ఉంది కదా అంటారు. అది పైహద్దు. గాలి కొట్టే వంతెన మీద డెబ్బయి చాలు. వేగం తగ్గించేది కూడా వంతెన ఎక్కకముందే. గాలి కొట్టాక బ్రేకు తొక్కడం మంచి అలవాటు కాదు. యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా వదలండి.

9. డిక్కీలో అరటిగెలలు, టైర్లలో గాలి

పెళ్ళికో పండక్కో ఊరెళ్ళి వచ్చేటప్పుడు డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు, రావులపాలెం మార్కెట్ గెలలు, బియ్యం మూటలు వేసుకురావడం మనవాళ్ళకి మామూలే. ఆ బరువంతా వెనక ఇరుసుకి అవతల పడుతుంది. బండి బరువు కూడే చోటు వెనక్కి జరిగితే గాలికి మూతి ఇంకా సులువుగా తిరుగుతుంది. ముందు చక్రాల మీద ఒత్తిడి తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. బరువైనవి వెనక సీటు కాళ్ళ దగ్గర, తేలికైనవి డిక్కీలో. పైన క్యారియర్ మీద పరుపులూ మంచాలూ కట్టుకుని గాలివేళ హైవే ఎక్కకండి.

డ్రైవరు తలుపు పక్కన అతికించిన కాగితం మీద టైర్ల లెక్క ఉంటుంది, నిండు బరువుకి వేరే లెక్క ఉంటుంది. వెనక టైర్లు మెత్తబడితే బండి తోక ఊగుతుంది. ముందువి మెత్తబడితే, అసలే మధ్యలో మందంగా ఉండే స్టీరింగ్ ఇంకా మొద్దుబారుతుంది. అప్పుడు అందరూ స్టీరింగ్‌నే అనుమానిస్తారు. ర్యాక్ ఎండ్లు, బాల్ జాయింట్లు అరిగి ప్లే వచ్చినా అంతే. మెకానిక్ దగ్గరకి పోయి ర్యాక్ మార్చమనే ముందు టైర్లు, ఎండ్లు, అలైన్‌మెంటు ఈ వరసలో చూపించండి. ఇవి బాగుండి, గాలి లేని పొద్దున కూడా బండి లాగుతుంటే అప్పుడు స్టీరింగ్ విప్పాలి.

10. గాలివాన పట్టినప్పుడు

వేసవి సాయంత్రం పడమట మబ్బు నల్లగా కమ్మి, దుమ్ము లేచి, హఠాత్తుగా చల్లగాలి తగిలిందంటే ఈదురుగాలికి కొద్ది నిమిషాలే టైము. అప్పుడు వంతెన ఇవతల ఉంటే ఇవతలే ఆగండి. మధ్యలో ఉంటే ఆగకండి, ఎడమ వరసలో నిదానంగా అవతలికి చేరి రోడ్డు దిగి ఆపండి. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ మీద అయితే ఇంకా జాగ్రత్త. దారి ఇరుకు, ఎదురుగా బస్సులు వస్తాయి. కొబ్బరిచెట్ల కిందా, యూకలిప్టస్ కిందా, హోర్డింగుల కిందా బండి పెట్టకండి.

తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం ఈ పాఠాలేవీ పనికిరావు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టిన గాలికి కొబ్బరితోటలే నేలకూలాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున తీరం వెంట 216వ నంబరు రోడ్డు మీద యానాం, అమలాపురం వైపు ఎంత అవసరమైనా ప్రయాణం పెట్టుకోవద్దు. తుఫాను కన్ను పైనుంచి పోతే కాసేపు గాలి పూర్తిగా ఆగుతుంది. తగ్గిపోయిందనుకుని బండి తీస్తారు. గాలి మళ్ళీ వస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. కలెక్టరాఫీసు వాళ్ళు దారి తెరిచామని చెప్పాకే బయల్దేరండి. అప్పుడు కూడా రోడ్డు మీద పడ్డ మట్టలూ తీగలూ చూసుకుంటూ, పగటిపూటే.